పటేల్ గోడ పొంటి

నా చిన్నప్పుడు చేవెళ్ల దగ్గరి మా ఊళ్లో సగం మంది కాళ్లకు మా తాత కుట్టిన చెప్పులే ఉండేవి. ఆయన మాత్రం పటేల్ ఇంటి గోడ మొదలు కాగానే చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాడు. గోడ దాటాక తొడుక్కునేవాడు. మాదిగవాడలో అందరూ అంతే. వాన వస్తే తల మీద కొంగు కప్పుకున్నట్టు, అదీ ఒక అలవాటు.

ఒక ఏడాది తాత బుద్ధుని దీక్ష తీసుకోవడానికి పట్నం పోయాడు. నన్నూ వెంట తీసుకుపోయాడు. ఆ ప్రయాణం కోసం తనకంటూ ఒక కొత్త చెప్పుల జత కుట్టుకున్నాడు. తెల్లబట్టల్లో వందల మంది నడుమ నిలబడి, తాను ఎవరికీ తక్కువ కానని గట్టిగా పలికాడు. తిరుగు బస్సు మొయినాబాద్ దాటేలోగా నాతో రెండుసార్లు అన్నాడు, "బిడ్డా, ఇయ్యాల పటేల్ గోడ పొంటి చెప్పులతోనే పోత, సూడు."

బస్సు దిగి ఊళ్లోకి నడిచాం. మిట్టమధ్యాహ్నం. పటేల్ వాకిట్లో కుక్క కూడా లేదు. తాత పట్నంలో విన్న సంగతులు చెబుతూనే వంగి, చెప్పులు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. మాట తెగలేదు.

కొంత దూరం నడిచాక, "తాతా, చెప్పులు" అన్నాను.

ఆయన చేతిలోకి చూసుకున్నాడు. ఆ తెల్లబట్టలతోనే మట్టిలో కూలబడ్డాడు. "ఎవ్వలు విప్పుమన్లేదు గదనే" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. కళ్లు తుడుచుకుని, "నోటితోని చెప్పిన. కాళ్లకు ఇంకా తెల్వలే" అన్నాడు.

లేచి, నా చెయ్యి పట్టుకుని వెనక్కి, గోడ మొదటికి నడిచాడు. చెప్పులు తొడుక్కుని మళ్లీ వచ్చాడు. ఈసారి పటేల్ వాకిట్లోనే ఉన్నాడు.

"ఏందిరా, కాళ్లు గాలుతున్నయా?"

"అవు పటేలా. మా తాతల కాడికెల్లి గాలుతున్నయి."

తాత ఆగలేదు. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆయనతో చెప్పులు కుట్టించుకోలేదు. బతికినన్నాళ్లూ మొయినాబాద్ రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని కుట్టాడు.

ఆ గోడ ఉన్నచోట ఇప్పుడు ఎవరిదో ఫాంహౌస్ గేటు ఉంది. ఉద్యోగంలో ఎందరో పెద్దల గదుల్లోకి వెళ్లాను. ఈ వయసులోనూ కొన్ని గడపల ముందు, ఎవరూ అడగకుండానే, నా మడమ చెప్పులోంచి పైకి లేస్తుంది. అప్పుడు నాలుగడుగులు వెనక్కి వెళ్లి, మళ్లీ మొదటి నుంచి నడుస్తాను.