విప్పని బాబాయి

బాబాయి దేన్నీ విప్పడు. మిక్సీ అయినా ఫ్యానైనా బల్ల మీద పెట్టి, చెవి ఆనించి విని, రెండు దెబ్బలు వేసి, సందులో నూనె చుక్క వదులుతాడు. బాగుపడితే తన ప్రతిభ, పడకపోతే కంపెనీ దొంగది.

"విప్పినవాడికి బిగించాక ఒక మర మిగులుతుందిరా!"

"మరి స్క్రూడ్రైవరెందుకు బాబాయ్?"

"వీపు గోక్కోడానికి."

కాలేజీ మధ్యలో మానేసి బాబాయి రిపేరు దుకాణంలో చేరిన అన్నకొడుక్కి ఒళ్లు మండేది. తిరగని ఫ్యాన్ల మధ్య తిరగని మనిషి!

అలాంటి బాబాయికి ప్రోస్టేటులో క్యాన్సరన్నారు. సూదిపరీక్షకే గింజుకున్నాడు. చుట్టాలు మాత్రం చావుకొచ్చినంత శ్రద్ధగా వచ్చి, తలా ఒక సలహా పారేసి పోయారు.

"కోయించేసుకోండి," అంది పిన్ని.

"నీ కుట్టుమిషనే విప్పలేదు, నన్ను విప్పిస్తావా?"

"మొండికేస్తే చస్తావు," అన్నాడు కుర్రాడు.

"చస్తే మరలన్నీ ఉన్నవాడిగా చస్తాను!"

చివరికి కుర్రాడే రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లాడు.

"ఇది మెల్లగా పెరిగే రకం, ముప్పు తక్కువ," అన్నాడు డాక్టరు. "కోత లేకుండా ఆ మచ్చ మటుకే వేడితో కాల్చే పద్ధతులున్నాయి, చలితో గడ్డకట్టించేవీ ఉన్నాయి. మీకు ఇప్పుడవీ అక్కర్లేదు. రక్తపరీక్షలు, స్కానింగులు చేస్తూ కనిపెట్టుకుని ఉందాం. పెరిగితే అప్పుడు చూద్దాం."

"అంటే చెవి ఆనించి వింటూ ఉంటారన్నమాట!" బాబాయి మొహం వెలిగిపోయింది. "చూశావట్రా!"

"కానీ పరీక్షలు ఎగ్గొడితే కొంప మునుగుతుంది. ఎవరు తీసుకొస్తారు?"

"నేను," అన్నాడు కుర్రాడు.

"కాలేజీ ఉండదా?"

"మానేశాను."

"అయ్యో, ఎందుకు?"

మళ్లీ అదే ఎందుకు. నాన్న, మేనమామలు, ఆఖరికి టీకొట్టువాడు కూడా ఆ ప్రశ్నతోనే వాణ్ని విప్పి, లోపలికి తొంగిచూసి, పెదవి విరిచి, బిగించకుండా వదిలేసి పోయారు. అడగనిది ఒక్కడే. వచ్చిన రోజు స్టూలు ముందుకు తోసి, "కూర్చో," అన్నాడు, అంతే.

ఆ ఒక్కడే ఇప్పుడు డాక్టరుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు డాక్టరుగారూ. తిరుగుతున్నదాన్ని విప్పకూడదు."

బయటికొచ్చాక కుర్రాడు ఆగాడు. "ఎందుకు మానేశానో తెలుసుకోవాలని లేదా బాబాయ్?"

"లేకేం? కానీ విప్పాక నీ మర ఒకటి మిగిలిపోతే ఎక్కడ పెట్టుకోనురా, వెధవా!"