పిట్టలు నాటిన చేను

బాపట్ల దగ్గర ఇసుకనేలలో మాకు కొంత భూమి ఉంది. ఒకప్పుడది అడవి. తాతగారు కొట్టించి సరుగుడు వేశారు. సరుగుడు నరికాక గరిక తప్ప ఏమీ మొలవలేదు. రొయ్యల చెరువుకు లీజుకిద్దామన్నాడు బాబాయి. ఒకసారి ఉప్పునీళ్లు పెట్టామంటే ఆ నేల ఇక కోలుకోదు. గొడవపడి ఒక్క వానాకాలం గడువు అడిగాను.

దసరాలోగా, ఎవరూ నాటకుండా రెండు మూడు అడవి మొక్కలు మొలిస్తే లీజు మానేస్తానని మాటిచ్చాడు. మొలవకపోతే నేను సంతకం పెట్టాలి.

చేనంతా పొడవాటి ఎండుకొమ్మలు పాతించాను. బాబాయి నవ్వాడు. తన ఊరు సంగం జాగర్లమూడిలో ఆయనా మినుము చేలో కర్రలు పాతుతాడు, పిట్టలు వాలి పురుగుల్ని ఏరుకు తింటాయని.

“పురుగులకైతే సరే. అడవికేంటమ్మాయ్?”

“పండ్లు తిన్న పిట్ట కొమ్మ మీద కూర్చుని రెట్టేస్తుంది బాబాయ్. అందులో గింజలుంటాయి.”

“అయితే రెట్టల్ని నమ్ముకున్నావన్నమాట.”

నమ్ముకున్నాను. పిగిలిపిట్టలొచ్చాయి, గోరింకలొచ్చాయి. వానలు ముదిరాక కొమ్మల కింద గడ్డిలో వేప, బలుసు, నేరేడు మొలకలు కనిపించాయి. ఎవరూ లేని చేలో పెద్దగా నవ్వుకున్నాను. బాబాయికి మాత్రం చెప్పలేదు. స్వయంగా చూసి నోరు మూసుకోవాలని నా పంతం.

దసరాకు ముందు చూడటానికి రమ్మన్నాను. నాకంటే ముందే బస్సెక్కి వెళ్లిపోయాడు. నేను తెనాలిలో రైలెక్కేసరికి ఆయన ఫోను.

“కలుపు తప్ప ఇక్కడేం లేదమ్మాయ్. రేపల్లె నుంచి చెరువు తవ్వే పొక్లెయిన్ బయల్దేరింది. నువ్వొచ్చి సంతకం పెట్టు.”

బాపట్ల వచ్చేదాకా ఒకటే ఆలోచన. మొలకలు ఏమైపోయాయి? మేకలు మేశాయా?

వెళ్లి చూస్తే కొమ్మల చుట్టూ నేల ఊడ్చిన వాకిలిలా ఉంది. కంచె పక్కన గడ్డి కుప్ప. బాబాయి చేతులు దులుపుకుంటున్నాడు.

“ఖాళీగా కూర్చోలేక కాస్త కలుపు తీశాను.”

ఆయన వరి, మినుము పండించే మనిషి. గడ్డి కనిపిస్తే ఆ చేతులు ఆగవు. గుప్పిళ్లతో లాగేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మోకాళ్ల మీద కూలబడి కుప్ప వెతకడం మొదలుపెట్టాను. అప్పటికే రోడ్డు మీద పొక్లెయిన్ చప్పుడు వినిపిస్తోంది. వేప మొలక దొరికింది. బలుసు దొరికింది. తర్వాత నేరేడు, వేరు దగ్గర గింజ ఇంకా అంటుకునే ఉంది. తీసుకెళ్లి ఆయన అరచేతిలో పెట్టాను.

“ఇదెక్కడిది?”

“నువ్వు పీకిన చోటిది.”

బొటనవేలితో గింజ మీద ఇసుక తుడిచాడు. పొక్లెయిన్ వచ్చి కంచె దగ్గర ఆగింది.

“ఎక్కడ మొదలుపెట్టమంటారండి?” అన్నాడు డ్రైవరు.

బాబాయి మొలకను జాగ్రత్తగా రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

“చెరువు లేదయ్యా. వెనక్కెళ్లు,” అన్నాడు.

ఆ పూట ఇద్దరం కలిసి మొలకల్ని తిరిగి నాటాం. చాలావరకు వాడిపోయాయి. మరుసటి వానాకాలం పిట్టలు మళ్లీ తెచ్చాయి.

ఇప్పుడు ఆ చేలోకి వస్తే బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. కాలికి గడ్డిపోచ తగిలినా ఆగి నన్ను పిలుస్తాడు.

“ఇది కలుపేనా అమ్మాయ్?”