ఎత్తైన సీటు

1969 ప్రాంతంలో చిక్కడపల్లిలో నాకూ, మా వీధి చివర ఉండే ఒక కుర్రాడికీ సైకిల్ పందేలే లోకం. నేను ప్రతి ఉదయం గొలుసు తుడిచి, చక్రాలు సరిచూసి, వేళ తప్పకుండా సాధన చేసేవాణ్ణి. అతడు తన అన్న వాడి వదిలేసిన సైకిలుపై వచ్చి, ప్రతి పందెంలోనూ నన్ను దాటిపోయేవాడు. రాష్ట్ర జట్టులో ఒక్క స్థానమే మిగలడంతో, అతని పేరు వింటేనే నాకు అన్నం సహించేది కాదు.

అతని సీటు నా సీటుకంటే ఎత్తుగా ఉండేది. గెలుపు రహస్యం అదేననుకున్నాను. నారాయణగూడలో అతడు లోపల చాయ్ తాగుతుండగా, బయట నిలిపిన సైకిల్ సీటును టేపుతో కొలిచి, నా సీటునూ అంత ఎత్తుకు లేపాను. ఎంపిక పందెంలో అశోక్ నగర్ దాటకముందే నా మోకాళ్లు పట్టేశాయి. స్థానం అతనికే దక్కింది.

ఆ సాయంత్రం అతడే పరామర్శకు వచ్చి, నా సైకిల్ చూసి నవ్వాడు.

"గింత ఎత్తెందుకన్నా? నాదంటే బోల్టు తుప్పు పట్టి దిగుతలేదు. జర కిందికుంటే ఇంకా మంచిగ తొక్కేటోన్ని."

పందేలే వృత్తిగా బతికిన అతడు విరమించి చాలా ఏళ్లయింది. ఆ చివరి మాటను మాత్రం నేనింకా క్షమించలేదు.