ఖైతాన్ పిల్లల మేనత్త

మన పిల్లలందరికీ మేనత్తగా నిలిచిన ఆమె పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసింది. కువైట్‌లోని రుమైథియాలో ఆమె పనిచేసే ఇంటి డ్రైవరు ఫోన్ చేసి చెప్పాడు. టీ పెట్టడానికి లేవలేదట. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, తలుపు తీసి చూసేసరికి ఒళ్ళు చల్లబడి ఉందట. నేను పదో తరగతి చదివినదాన్ని. ఇంటికి ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరగను. కానీ ఆమెకు కడుపున పుట్టినవాళ్ళు లేరు. ఆమె గురించి చెప్పుకోవడానికి ఎవరున్నారని ఆలోచిస్తే మనమే మిగిలాం. అందుకే ఈనాటికి కలం పట్టాను.

మన వైపు బిడ్డకు మొలతాడు కట్టేది, ఉయ్యాలలో వేసి చెవిలో పేరు చెప్పేది మేనత్త. కువైట్‌లో మేనత్తలు ఎక్కడి నుంచి వస్తారు? నా కొడుకు పుట్టినప్పుడు మా ఆయన అక్కచెల్లెళ్ళు కడప జిల్లాలోనే ఉండిపోయారు. వాడికి పేరు లేకుండానే నెల దాటిపోతోంది. ఆమెది మా పక్క ఊరేనని చెప్పి తెలిసినవాళ్ళు ఆమెను ఒక శుక్రవారం మా ఖైతాన్ గదికి తీసుకొచ్చారు. ముహూర్తం చూపించలేదని మా ఆయన నసిగాడు.

"మా మామా నాకు సెలవిచ్చేది శుక్రవారం ఒక పూటే అబ్బీ. నా ముహూర్తం ఆయమ్మ చేతిలో ఉండాది," అంది. మా ఆయన నవ్వేశాడు.

పక్క గది ఆమె మాత్రం గొంతు తగ్గించి, "మొగుడు లేని మనిషి గదా, శుభకార్యానికి ఎట్ల?" అంది. తగ్గించిన గొంతే అయినా అందరికీ వినబడింది.

"పసిబిడ్డ నా నుదురు చూస్తాడామ్మే? గొంతు ఇంటాడు, అంతే," అని ఆమె తన రెండు చేతులూ వెచ్చబడేదాకా రుద్దుకుని బిడ్డను ఎత్తుకుంది. ఏసీ గదుల్లో పెద్దవాళ్ళ చేతులు చల్లగా ఉంటాయని, ఏ ఇంట్లోనైనా అలాగే చేసేది.

పంతులు లేడు, మంత్రాలు లేవు. ఆమె చేసేదంతా సూర్యుడితో, నీళ్ళతో, మట్టితో. ముందు బిడ్డను మిద్దె మీదికి తీసుకెళ్ళి ఎండ చూపించేది. బాలింత బావికి పూజ చెయ్యాలి. ఇక్కడ బావి లేదు కాబట్టి మిద్దె మీది నీళ్ళ ట్యాంకుకే పసుపు పూయించి, కుంకుమ పెట్టించి, దండం పెట్టించేది. వఫ్రా తోటల్లో పనిచేసే మనవాళ్ళ చేత ఒక కవరు మట్టి తెప్పించేది. వీధి నిండా ఇసుక ఉండగా అంత దూరం నుంచి ఎందుకని అడిగాను.

"ఇసక కాదుమ్మే. ఇది టమాటాలు కాసిన మన్ను. బిడ్డ తొలిసారి కాలు పెట్టేది పండే మన్ను మీదుండల్ల."

ఆ మట్టికి పాదాలు తాకించి, చెవిలో పేరు చెప్పి, "వచ్చినావా నాయనా. ఇది గూడ భూమే. భయపడాకు," అనేది. రోజూ దీపం ముందు కూర్చునే నాకు ఆ మాట వింటుంటే చేతులు వాటంతట అవే జోడయ్యేవి.

ఆ తర్వాత ఖైతాన్‌లో మనవాళ్ళ ఇంట ఎవరికి బిడ్డ పుట్టినా ఆమె శుక్రవారం వాళ్ళదే. నిజామాబాద్ వాళ్ళూ పిలిచేవాళ్ళు. ఎవరు చీర పెట్టబోయినా తీసుకునేది కాదు. పెద్దయిన పిల్లలు కనబడితే నిలబెట్టి, "నీ పేరేందో చెప్పు," అని అడిగి, కళ్ళు మూసుకుని వినేది. ఉద్యోగంలో చేరిన నా కొడుకును కూడా వదల్లేదు.

"నా ఇఖామా కార్డు మీద రాసుండాది, చూసుకో అత్తా," అని వాడు ఏడిపించేవాడు.

"ఇఖామాకు నోరుండాదారా? నువ్వు చెప్పు."

ఇప్పుడు వాడికి కూతురు పుట్టింది. వాడికి తోబుట్టువులు లేరు. "పాపకు మేనత్త యాడుండాది? లేదు గదా. అయితే ఈ తూరి గూడ నేనే," అని ఆమే అడిగి ఆ పని పుచ్చుకుంది. మొన్న శుక్రవారం పేరు పెట్టాలనుకున్నాం. అందుకోసమే కోడలి తల్లి విజిట్ వీసా మీద వచ్చింది. ఆదివారంతో ఆ వీసా ఖలాస్. ఇంతలో ఈ కబురు.

ఆమె ఇంకా మార్చురీలోనే ఉంది. కాగితాలు పూర్తయి, ఊరికి చేరి, దహనం జరిగితే తప్ప మైల రోజుల లెక్క మొదలే కాదు. ఎప్పటికవుతుందో ఆమెకు వీసా ఇచ్చిన కఫీల్‌కే తెలియదు.

వియ్యపురాలు మెత్తగానే అడిగింది. "వదినా, మైల రక్తసంబంధానికి గదా. ఆయమ్మ మీకేమీ కాదు. శుక్రవారమే కానిచ్చేద్దాం. మనవరాలి పేరు నా చెవిన పడకుండానే పోవల్నా?"

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కానీ శుక్రవారం ఉయ్యాల ఊపితే, పోయినామె మాకేమీ కాదని మేమే చెప్పినట్టు. జవాబు నా కొడుకు చెప్పాడు.

"అత్తమ్మా, నా పేరు నాకు చెప్పింది ఆమె."

అంతే అని, పోయి తల మీదుగా నీళ్ళు పోసుకుని వచ్చాడు. వాడి వెనకే మా ఆయన. నేను దేవుడి పటాల ముందు తెర వేశాను. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి నా ఇంట్లో ఆగని దీపం ఆ సాయంత్రం వెలగలేదు. ఉయ్యాల కోసం తెచ్చిన తాళ్ళు వియ్యపురాలే చుట్టి లోపల పెట్టింది. ఆదివారం విమానాశ్రయంలో పాపను దగ్గరకు తీసుకుని, ఏమని పిలవాలో తెలియక, ఊరికే నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయింది.

మైల తీరాక పాప చెవిలో పేరు ఎవరు చెప్తారో మాకింకా తెలియదు.

ఆమె చేత పేర్లు పెట్టించుకున్న తల్లులారా, ఇది మీ కోసమే రాశాను. ఈ దేశంలో అవి పరాయివాళ్ళ కంట పడకుండా చేసుకున్న పనులు. కాబట్టి ఈ కాగితాలు దాచుకోండి. ఎవరికీ చూపించకండి.

అనుకున్న పేరు మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనడం లేదు. పాప ఏడ్చినప్పుడు కోడలి నోటిదాకా ఆ పేరు వచ్చి ఆగిపోతుంది. అప్పుడు మెల్లగా చిటికె వేస్తుంది. పాప ఏడుపు ఆపి, ఆ చప్పుడు వైపు తల తిప్పుతుంది.