కుక్కతో చెప్పి పంపిన మాటలు

తోడికోడళ్ళిద్దరూ ఒకే ఇంట్లో, ఒకరు కింద, ఒకరు మేడమీద కాపురం ఉంటూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోవడం లేదు. చిన్నామెకు పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయినప్పుడు పెద్దామె ఓదార్చబోయి, "పెరిగాక పోలేదు, అదే నయం" అంది. నోరు జారింది. ఆ ముక్క చిన్నామె గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది.

పెద్దామె జబ్బుచేసి మంచం పట్టాక ఆమె కుక్కను తిప్పేవాళ్ళు లేకపోయారు. బావగారికి మోకాళ్ళ నొప్పులు. చిన్నామె స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణంలో దర్జీ, పొద్దున పూట ఖాళీయే. 'మనుషులకీ మనుషులకీ పడకపోతే కుక్కేం చేసింది' అనుకుని గొలుసు అందుకుంది.

ఊరి చివర, సముద్రాన్ని ఆనుకుని, పక్షుల కోసం కంచె వేసి కాపాడుతున్న చిత్తడి నేల ఉంది. దాని చుట్టూ ఉన్న కాలిబాట కుక్కకు కొట్టిన పిండి. రెల్లు దుబ్బుల్లో ఏది కదిలినా చెవులు నిక్కించి, ఆమెను బరబరా ఈడ్చుకుపోయేది.

తిరిగొచ్చాక గుమ్మంలో దాని కాళ్ళ బురద తుడుస్తూ, మంచం మీది మనిషికి వినపడేలా అనేది. "చెప్పవే మీ అమ్మకి, కొంగలు పిల్లల్ని చేశాయని."

జవాబూ కుక్కకే వచ్చేది. "గట్టు తెగిన చోట చూసుకుని నడిచిందేమో మీ పిన్నిని అడగవే."

"నా కళ్ళు బాగానే ఉన్నాయని చెప్పు."

కుక్క ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసేది. "ఈ ఇంటికి పెద్దమనిషి ఇదే" అనేవారు బావగారు.

రానురాను పెద్దామె గొంతు సన్నగిల్లింది. ఒకనాడు కుక్క తల మీద చెయ్యివేసి, "ఆరోజు నేనన్నది తప్పేనని చెప్పవే. ఆ బిడ్డని నేనూ ఎత్తుకున్నాను. ఆ బరువు ఇంకా చేతుల్లోనే ఉంది" అంది.

చిన్నామె చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఇన్నేళ్ళు మోసిన కోపాన్ని ఉన్నపళంగా దించెయ్యడానికి మనసొప్పలేదు. "దుకాణానికి ఆలస్యమవుతోందని చెప్పు" అని లేచిపోయింది.

ఆ రోజు కుట్టిన కుట్టల్లా వంకర్లే పోయింది. సాయంత్రం సరాసరి కింది వాటాలోకి వెళ్ళేసరికి పెద్దామెకు తెలివి లేదు. చిన్నామె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"అక్కా."

"వినపడుతుందేమోనమ్మా, మాట్లాడు" అన్నారు బావగారు.

బిడ్డది ఎవరి పోలికో, ఏం పేరు పెట్టాలనుకుందో, ఎవరికీ చెప్పనివన్నీ చెప్పింది. మర్నాడు పెద్దామె పోయింది.

కొన్నాళ్ళకు కుక్క మళ్ళీ తలుపు గీకడం మొదలుపెట్టింది. ఆమె గొలుసు తీసింది. సముద్రం మీద ముసురు పట్టి ఉంది. గేటు దగ్గర, చాన్నాళ్ళ తర్వాత పనిలోకి వచ్చిన కాపలామనిషి కుక్కను గుర్తుపట్టి, "దీన్ని తెచ్చే పెద్దావిడకి ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"మా అక్క పోయింది" అంది.

అతను గేటు తీసి పట్టుకున్నాడు. కుక్క ముందుకు లాగుతుంటే, కళ్ళు తుడుచుకోకుండానే దాని వెంట నడిచింది.