వెనక నుంచి వచ్చిన మాట

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు కాకినాడలో మా బామ్మ చెప్పే కథలకు అడ్డుప్రశ్నలు వేసి తిట్లు తిన్నవాణ్ని. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఏ లోపానికైనా కారణం ఉంటుంది, దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను, ఈ ఒక్క విషయంలో తప్ప.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. ఎవరైనా పిలిస్తే ఆగి, వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లాలి. పెద్దయ్యాక నమ్మకం పోయింది కానీ అలవాటు పోలేదు. వెనక మాట వినబడితే నా కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి.

2011లో ఉద్యోగం మీద బేసింగ్‌స్టోక్ అనే ఇంగ్లీషు ఊరికి వచ్చాం. పక్కింటాయన పేరు ఆర్థర్. డెబ్బయ్యేళ్లుంటాయి, కారు డ్రైవింగ్ నేర్పి రిటైరయ్యారు. వీధిలో అందరూ పేరు పెట్టే పిలిచేవారు. నాకు నోరు రాక అంకుల్ అనేవాణ్ని.

ఆయనకు ఫ్లై ఫిషింగ్ పిచ్చి. అందులో ఎర ఉండదు. ఈకలూ దారమూ కలిపి కొక్కేనికి పురుగులా కడతారు. పొడవాటి దారంతో దాన్ని గాల్లో వెనక్కీ ముందుకీ ఊపి నీటి మీద వాలుస్తారు. నాకూ నేర్పారు. మొదట చుట్టుపక్కల ఏర్లలో ట్రౌట్ చేపలకు, తర్వాత గంటన్నర దూరంలో ఉన్న సముద్రపు పాయలో సీ బాస్‌కు. సీ బాస్ అంటే మన పండుగప్పకు దూరపు చుట్టం. పట్టినదాన్ని పట్టినట్టే నీళ్లలోకి వదిలేసేవాళ్లం. అది మా ఆవిడ సునీతకు ఎప్పుడూ మింగుడుపడలేదు. పులుసులోకి రాని చేప కోసం అంత పెట్రోలు తగలెయ్యాలా అని దెప్పేది.

ఈ వేటలో ఒక మర్యాద ఉంది. దారం వెనక్కి వెళ్లినప్పుడు కొక్కెం వెనకున్నవాడి కంట్లో గుచ్చుకోవచ్చు. అందుకని ఎవరి వెనకైనా నడవాల్సి వస్తే ముందే నోరు తెరిచి చెప్పాలి. అంకుల్ అలా చెప్పిన ప్రతిసారీ నేను వేట ఆపి, ఒడ్డుకొచ్చి కూర్చుని, నీళ్లు తాగేవాణ్ని. మొదటిరోజు నాకు ఒంట్లో బాగాలేదేమోనని ఆయన కంగారుపడ్డారు. అసలు సంగతి చెప్తే కడుపుబ్బ నవ్వారు. అయితే ఇకమీదట మీ భాషలోనే చెప్తాను, మీ దేవుళ్లు సర్దుకుపోతారేమో చూద్దాం అన్నారు. "వెనకున్నా" అనడం నేర్పాను. చివరి ఒత్తు ఆయన నోట ఎప్పుడూ పలకలేదు. రెండేళ్లు అదే మాట వాడారు. నేను మాత్రం ఒడ్డుకెళ్లి నీళ్లు తాగడం మానలేదు.

2013 ఆగస్టులో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లి చూశాను. నన్ను చూడగానే నోరు తెరిచేవారు, గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

ఆయన ఆస్పత్రిలో చేరాక మూడో శనివారం సునీత మళ్లీ వెళ్దామంది. ఆ రోజు సముద్రానికి వెళ్లాలని ఆయనా నేనూ ఎప్పుడో అనుకున్నాం, ఒక్కణ్నే అయినా వెళ్లొస్తానన్నాను. అది సాకు. నాకు మళ్లీ ఆ గదిలో అడుగుపెట్టే ధైర్యం లేదు. సునీత ఒక్కతే బస్సెక్కి ఆస్పత్రికి వెళ్లింది.

ఆ పాయలో ఒడ్డుకు కాస్త దూరంగా ఇసుకదిబ్బ ఉంది. మధ్యలో పల్లం. సముద్రం పోటెత్తినప్పుడు చేపలు దిబ్బ అంచుకు వస్తాయి. కానీ నీళ్లు ముందు నిండేది మన వెనకున్న పల్లంలో. ఎప్పుడు వెనక్కి మళ్లాలో చూసుకునే పని అంకుల్‌దే. ఆయన పక్కన లేరని గుర్తుంది కానీ, ఆ పని ఇప్పుడు నాదేనని తట్టలేదు. చేపలు మంచి ఊపు మీదున్నాయి. ఒకటి పట్టి వదిలాను. ఇంకొకటి తగిలి తప్పించుకుంది.

అప్పుడు వినబడింది, "వెనకునా" అని.

కేక కాదు. మామూలు గొంతు, పదడుగుల దూరం నుంచి, చివరి ఒత్తు లేకుండా. అలవాటు చొప్పున చెయ్యి ఆగింది. ఒడ్డుకెళ్లి కూర్చుందామని తిరిగాను. ఎవరూ లేరు. వచ్చేటప్పుడు మోకాలి లోతులో దాటిన పల్లం ఏరులా పారుతోంది.

వెంటనే దిగాను. మధ్యలో నీళ్లు ఛాతీ దాకా వచ్చి, తడవకుండా వేసుకున్న రబ్బరు తొడుగులోకి దూరాయి. ఒకచోట కాళ్లకు ఇసుక అందలేదు. కాకినాడవాణ్నయి ఉండి నాకు ఈత రాదు. భయంతో ఏడ్చాను, సిగ్గయినా రాయాలి. గాలం కర్ర కొట్టుకుపోయింది. ఎలాగో ఒడ్డెక్కి, కారు దగ్గర కూర్చుని మంచినీళ్లు తాగాను. కారులో వదిలి వెళ్లిన ఫోన్‌లో మూడూ ఇరవై ఐదయింది. దాటి రావడానికి పావుగంట పట్టి ఉంటుంది.

పొడిబట్టలు కట్టుకుని ఇంటికి వెళ్లాను. సునీతకు చెప్పకూడదనుకున్నాను, చెబితే ఇంక నీళ్ల దరిదాపులకు పోనివ్వదు. కర్ర విరిగిపోయిందని చెప్దామనుకునేలోపు ఆమే మాట్లాడింది.

"అంకుల్ ఇవాళ మాట్లాడారండీ. అదీ తెలుగులో. మనవాళ్లెవరో వచ్చారనుకుని నేను వెనక్కి తిరిగి చూశాను."

ఆయనన్నది "వెనకున్నా" అని తనే చెప్పింది. ఆయన భార్య మార్గరెట్ ఆంటీ నర్సును పిలిచిందట. ఆ నర్సు అర్థంలేని శబ్దం అని కాగితం మీద రాసుకుంటుంటే, కాదు, అది మాటేనని సునీత అర్థం చెప్పిందట. ఆ కాగితంలో టైము మూడూ పది.

కారణాలు వెతికాను. పడిపోయిన మాట ఇలా అలవాటైన మాటతో తిరిగి రావడం ఉన్నదేనని డాక్టరు చెప్పారు. నీళ్ల దగ్గర ఒంటరిగా ఉంటే చెవులు మోసం చేస్తాయి, నిజమే. రెండూ ఒప్పుకుంటాను. రెండూ ఒకే వేళకు ఎందుకు జరిగాయో మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

చలికాలం పోయాక ఆయన చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చారు. ఒక్కో మాటే కూడబలుక్కునేవారు. ఒకరోజు తోటలో కూర్చున్నప్పుడు, ఆస్పత్రిలో మొదటిసారి మాట్లాడిన రోజు గుర్తుందా అని అడిగాను. అంతే అడిగాను. గుర్తులేదని తల ఊపారు. తర్వాత ఎడమచెయ్యి ఎత్తి తన ఛాతీకి అడ్డంగా పెట్టుకున్నారు.

"నీళ్లు... ఇక్కడిదాకా?" అని ఇంగ్లీషులో అడిగారు.

అవునన్నాను. మీకెలా తెలుసని అడగలేదు. ఆ గదికి వెళ్లలేకపోయినట్టే, ఇక్కడా ధైర్యం చాలలేదు. మూడేళ్ల తర్వాత ఆయన పోయారు, అడిగే వీలు కూడా పోయింది.

ఆయన అలా అడిగేనాటికి, నేను ఆ శనివారం నీళ్లలో చిక్కుకున్న సంగతి ఆయనకే కాదు, ఎవ్వరికీ చెప్పలేదు. సునీతకు కూడా ఇది చదివాకే తెలుస్తుంది.