మా పడవమ్మ చూపించే వైపు

మా అన్నయ్య కూతురికి ఒకే ఒక్క జబ్బు. నలుగురు ఒకచోట కుదురుగా ఉంటే చూడలేదు. ఏ కిటికీ అవతలికో వేలు చూపించి, మెల్లగా "అదిగో" అంటుంది. అక్కడ ఏమీ ఉండదు. ఆ సంగతి తెలిసీ, ప్రతిసారీ అందరికంటే ముందు వెళ్ళి చూసేది నేనే.

ఓడలు ఎలా ఉండాలో లెక్కలు కట్టి గీసే చదువులో మాస్టర్స్ చేయడానికి మా మేడ మీది గదిలో దిగింది. నేవల్ ఆర్కిటెక్చర్ అంటారట. ఐదో తరగతితో ఆగిన నా నాలుకకి ఆ మాట లొంగడానికే నెల పట్టింది. లొంగాక వీధిలో ఎవర్నీ వదల్లేదు. మా కూరగాయలవాడు కూడా ఇప్పుడు తడబడకుండా అంటాడు. అయినా వీధి దానికి పెట్టిన పేరు మాత్రం పడవమ్మ.

వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం నేను, పక్కింటి టైలరమ్మ, ఆవిడకి బట్టలివ్వడానికి వచ్చిన ఇద్దరు బాల్కనీలో టీ తాగుతున్నాం. "అదిగో" అంది పడవమ్మ. అందరం రెయిలింగ్ మీద పడ్డాం. కింద గోడకి ఆనించిన సైకిలు తప్ప పురుగు లేదు. ఆ సైకిల్లోనే ఏదో విడ్డూరం ఉండి ఉంటుందని నేను ఇంకాస్త వంగాను. వెనక్కి తిరిగితే, మా మేనకోడలు వీధి వైపే చూడటం లేదు. మా పాదాల వైపు చూస్తోంది.

"చేతిలో టీ ఉన్నా అందరూ పరిగెత్తుతారా అత్తా?" అని అడిగింది, ఆకలి ఎలా ఉందని డాక్టరు అడిగినట్టు.

"టీ ఎక్కడికి పోతుందే? అవతల జరిగేది మన కోసం ఆగదు కదా."

అది చాలా పెద్ద విషయమన్నట్టు తల ఊపింది.

మా ఆయన దగ్గర మాత్రం దాని పప్పులుడకలేదు. పేపరు చేతిలో ఉంటే ఆయన ఇల్లు కూలినా లేవరు. కిటికీ వైపు, గుమ్మం వైపు, చివరికి ఆయన నెత్తి మీదికి కూడా చూపించింది. ఆయన పేజీ తిప్పారు. పడవమ్మ ముఖం వెలిగిపోయింది. ఇలాంటి వాళ్ళే ఎక్కితే ఏ ఓడకీ భయం లేదట, కదలని సరుకంత మంచిది ఇంకోటి లేదట. ఆ సరుకుతో కాపురం చేసేదాన్ని అడగమన్నాను.

బస్సులో మాత్రం పరువు పోయింది. ఇది "అదిగో" అనగానే కుడివైపు జనమంతా ఎడమవైపు కూర్చున్న నా ఒళ్ళో పడ్డారు. కండక్టరు మమ్మల్ని దింపేశాడు. పిల్ల తరఫున నేను కండక్టరుని కడిగేశాను. బస్సు వెళ్ళిపోయాక చాటుగా అడిగాను, నిజంగా అక్కడేముందని.

ఇక ఆగలేకపోయాను. ఒకరి గుట్టు తేలకపోతే నాకు అన్నం సయించదు. కూర్చోబెట్టి లాగితే చెప్పింది. చదువు చివర అది ఒక పడవ గీసి, నమూనా చేసి చూపించాలి. నది దాటించే రెండంతస్తుల పడవ. ఏటిలో ఏదో కనబడితే జనమంతా ఒక పక్కకి చేరతారు, పడవ ఒరుగుతుంది. ఎంతమంది చేరతారో, ఎంత తొందరగా చేరతారో అది మా మీద చూసుకుంటోంది.

"అంటే మమ్మల్ని గొర్రెల మందలో కలిపావా?" అన్నాను. ఒక పూటంతా దానితో మాట్లాడలేదు. ఆ శిక్ష ఎవరికి పడిందో మా ఆయన్ని అడిగితే చెబుతారు.

ఈలోగా కాలేజీలో పేచీ వచ్చింది. జనమంతా ఒక పక్కకి చేరినా మునగకూడదని ఇది గీసిన పడవ మరీ వెడల్పయింది, సన్నగా గీసి, ఒక పక్కకి చేరవద్దని బోర్డు పెట్టెయ్యమన్నారు. మార్చకపోతే పరీక్ష చేసేవాళ్ళు ఒప్పుకోరు, ఇంకో ఏడాది చదవాలి. పిల్ల అన్నం కెలుకుతూ కూర్చుంది గానీ గీత మార్చలేదు.

పరీక్ష రోజున బయటివాళ్ళు కూడా వెనక కూర్చోవచ్చన్నారు. నేను టైలరమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాను. పొడవాటి నీళ్ళ తొట్టి, అందులో మూరెడు పడవ, దాని మీద మనుషులకి బదులు ఇనప ముక్కలు. పడవమ్మ ముక్కలన్నీ ఒక పక్కకి జరిపింది. పడవ ఒరిగింది. అది మునగలేదు. గుమ్మానికి ఆనుకుని పక్కింటావిడతో మాట్లాడే మనిషిలా, అలా వాలి నిలబడింది.

పరీక్షాధికారి పెదవి విరిచారు. "నిలబడిందమ్మా, సరే. కానీ లావైంది, నెమ్మదైంది. బోర్డు పెడితే పోయేదానికి ఇంత పడవెందుకు? జనానికి క్రమశిక్షణ ఉండొద్దా?"

"బోర్డు పెడితే, మునిగిన రోజున తప్పు పోయినవాళ్ళ మీద పడుతుంది సార్" అంది పడవమ్మ. "వింత కనబడితే చూడాలనిపించడం తప్పు కాదు. మా మేనత్తని మార్చడం నా వల్ల కాదు. పడవనైతే మార్చగలను."

"ఎవరా మేనత్త?"

"వెనక కుర్చీ ఎక్కి నిలబడి చూస్తున్నారు సార్."

ఆయన నన్ను చూశారు. పడవని చూశారు. మళ్ళీ నన్ను చూశారు.

"ఈ వెడల్పు సరిపోతుందంటావా?" అని అడిగారు.

అలా పాసైంది. నడిచి వస్తూ దారిలో నేను మనసులో మాట అడిగేశాను, ఆ ఇనప ముక్కల్లో నేనెవర్నని.

"నీకు ఒకటి చాలలేదత్తా. రెండు పెట్టాను."

"అంత లావున్నానటే?"

"లావు కాదు. నువ్వు కదిలితే పక్కావిణ్ణి కూడా లాక్కుపోతావు కదా."

టైలరమ్మ నా గుప్పిట్లో ఉన్న తన చెయ్యి వైపు చూసుకుని నవ్వింది, అంతే.